ఏపీ అసెంబ్లీలో ఎక్కడ చూసినా ఈ 18 ఏంటి? సభలో ఎవరి పని ఏంటో కొంచెం చెప్పండి

తెనాలి_తమ్ముడు:

ముందే చెప్తున్నా, పార్టీల కొట్లాట కోసం పెట్టిన పోస్టు కాదిది. 2024 ఎన్నికల తర్వాత నుంచి టీవీలో, యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా 18, 18 అంటున్నారు. ప్రతిపక్ష హోదాకి 18 మంది కావాలట, పీఏసీలో చోటు దక్కాలంటే 18 ఓట్లు కావాలట, మొన్న ఎవరో కోరం కూడా 18 అన్నారు. ఇదంతా ఒకే రూలా, వేర్వేరు రూల్సా? రాజ్యాంగంలోనే ఉందని ఒకరు, అసలు ఎక్కడా రాసిలేదని ఇంకొకరు వాదించుకుంటున్నారు, ఎవరిని నమ్మాలో తెలియట్లేదు.

దాంతోపాటు ఇంకో డౌట్. స్పీకర్, డిప్యూటీ స్పీకర్, ప్రొటెం స్పీకర్, చీఫ్ విప్, విప్‌లు, బీఏసీ, పీఏసీ... ఇంతమంది ఎందుకు, ఎవరి పని ఏంటి? స్కూల్లో చదివిన సివిక్స్‌లో శాసనసభ దిగువ సభ, మండలి ఎగువ సభ అన్న ముక్క తప్ప ఏమీ గుర్తులేదు. వెతికితే గ్రూప్స్ కోచింగ్ బిట్లు వస్తున్నాయి గానీ ఒక మనిషి మామూలుగా చెప్పినట్టు ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్పండి.

ప్రెస్_గ్యాలరీ:

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కొన్నేళ్లు, 2017లో వెలగపూడికి మారాక కొన్నేళ్లు అసెంబ్లీ కవర్ చేశాను, కాబట్టి తెలిసినంత చెప్తా.

మూడూ వేర్వేరు రూల్సే. మూడింటికీ 18 రావడం 175 అనే అంకె చేసిన మాయ.

కోరం మాత్రం పక్కాగా రాజ్యాంగంలో ఉంది, 189వ అధికరణ. 10 మంది లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. 175లో పదో వంతు 17.5, సగం ఎమ్మెల్యే అంటూ ఎవరూ ఉండరు గనక 18. తెలంగాణలో 119కి 12. అయితే ఇక్కడ ఒక తమాషా ఉంది. రోజూ ఎవరూ తలలు లెక్కపెడుతూ కూర్చోరు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పద్దుల మీద చర్చ నడుస్తుంటే సభలో ఎంతమంది ఉంటారో గ్యాలరీలోంచి చూసినవాళ్లకి తెలుసు. ఎవరైనా లేచి కోరం లేదు అధ్యక్షా అంటేనే లెక్క. అప్పుడు గంట మోగిస్తారు, విప్‌లు లాబీల్లోకి, క్యాంటీన్‌లోకి పరిగెత్తి కనపడిన ఎమ్మెల్యేనల్లా తోలుకొస్తారు. టీ గ్లాసు సగంలో వదిలేసి వచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో.

రెండోది పీఏసీ, అంటే ప్రజా పద్దుల కమిటీ. ప్రభుత్వం పెట్టిన ఖర్చు మీద కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే సంస్థ) ఇచ్చే రిపోర్టుల్ని పట్టుకుని అధికారుల్ని కూర్చోబెట్టి అడిగేది ఇదే. దీంట్లోకి అసెంబ్లీ నుంచి 9 మందిని ఎమ్మెల్యేలే ఓటేసి ఎన్నుకుంటారు, రాజ్యసభ ఎన్నికల్లో లాగా ప్రాధాన్య ఓట్ల పద్ధతిలో. సీట్లకి ఒకటి కలిపి ఓట్లని దాంతో భాగించాలి, వచ్చినదానికంటే కాస్త ఎక్కువ తెచ్చుకుంటే గెలిచినట్టు. 175ని 10తో భాగిస్తే 17.5, కాబట్టి 18 మొదటి ప్రాధాన్య ఓట్లు ఉంటే ఎవరి సాయం లేకుండా సీటు ఖాయం. వైసీపీకి ఉన్నవి 11. 2024 నవంబర్‌లో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు గానీ చివరికి వాళ్లు ఓటింగ్‌ని బాయ్‌కాట్ చేశారు. ఛైర్మన్ పదవి జనసేన ఎమ్మెల్యే, భీమవరం పులపర్తి రామాంజనేయులుకి వెళ్లింది. పీఏసీ ఛైర్మన్ ప్రతిపక్షానికి ఇవ్వడం అనేది ఆనవాయితీ, చట్టం కాదు. లోక్‌సభలో 1967 నుంచి అలా నడుస్తోంది, రాష్ట్రాలు దాన్నే అనుసరిస్తూ వచ్చాయి.

మూడోది అసలు గొడవ, ప్రతిపక్ష నేత హోదా. ఈ 10 శాతం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. లోక్‌సభ మొదటి స్పీకర్ మావలంకర్ రోజుల్లో ఒక పార్టీని సభలో పార్టీగా గుర్తించాలంటే కనీసం కోరం అంత బలం ఉండాలి అన్న పద్ధతి పెట్టారు. ఆ పద్ధతే దిగుతూ దిగుతూ ప్రతిపక్ష నేత దాకా వచ్చింది. 2014లో, 2019లో లోక్‌సభలో ఎవరికీ హోదా దక్కకపోవడానికి కారణం ఇదే.

స్పీకర్, విప్‌ల సంగతి మళ్లీ రాస్తా, ఇప్పుడు బయటికి వెళ్లాలి.

సెక్షన్_చదివినోడు:

పైన అన్నగారు చెప్పినదాంట్లో ఒక ముఖ్యమైన ముక్క మిగిలిపోయింది. రాజ్యాంగంలో లేదు, నిజమే, కానీ రాష్ట్రంలో చట్టం ఉంది. 1953 నాటి జీతాలు, పింఛన్ల చట్టంలో 12-బీ సెక్షన్. ప్రభుత్వానికి ప్రతిపక్షంగా ఉన్న పార్టీల్లో ఎవరి సంఖ్యాబలం ఎక్కువో ఆ పార్టీ నాయకుడు, స్పీకర్ గుర్తించినవాడు, ఆయనే ప్రతిపక్ష నేత అని ఉంటుంది అందులో. శాతం ఊసే లేదు. జగన్ స్పీకర్‌కి రాసిన లేఖలో పట్టుకున్న పాయింట్ ఇదే.

ఇంకో ఉదాహరణ కూడా చెప్తారు. 1994లో ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లకి కాంగ్రెస్‌కి వచ్చినవి 26. పదో వంతు లెక్క వేస్తే 30 కావాలి. అయినా పి. జనార్దన్ రెడ్డిని ప్రతిపక్ష నేతగా గుర్తించారు. అంటే ఎన్టీఆర్ హయాంలో కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు అన్నది వాదన.

అవతలి వాదన కూడా గాలిలో మాట కాదు. "స్పీకర్ గుర్తించిన" అని చట్టమే అంటోంది కదా, ఏ కొలత మీద గుర్తించాలో స్పీకర్ ఇష్టం, ఆ కొలత పదో వంతు అని స్పీకర్ అయ్యన్నపాత్రుడు 2025 మార్చిలో సభలోనే రూలింగ్ ఇచ్చారు. విషయం అంతకుముందే హైకోర్టుకి చేరింది.

నా మటుకు నాకు చట్టంలో లేని శాతాన్ని చట్టంలో ఉన్న మాట కంటే పైన పెట్టడం సరికాదనిపిస్తుంది. రేపు ఇంకో పార్టీ పరిస్థితీ ఇదే కావచ్చు.

బెజవాడ_బుల్లోడు:

@సెక్షన్_చదివినోడు అంతా బాగానే చెప్పావు బ్రో, కానీ 2019 జూన్ సంగతి ఎందుకు వదిలేశావ్? టీడీపీకి అప్పుడు 23. అందులోంచి కొందరిని లాగితే చంద్రబాబుకి ప్రతిపక్ష హోదా ఉండదని సభలో నిలబడి లెక్క చెప్పింది జగనే కదా. అప్పుడు 12-బీ గుర్తురాలేదా?

సెక్షన్_చదివినోడు:

గుర్తురాలేదు, ఒప్పుకోవాల్సిందే. ఏ పార్టీ అయినా తను ఏ వైపు బెంచీల్లో కూర్చుందో దాన్నిబట్టే రూల్ బుక్ చదువుతుంది. నేను చట్టం గురించి మాట్లాడుతున్నా, జగన్ గురించి కాదు.

తెనాలి_తమ్ముడు:

కొట్లాట వద్దన్నానుగా 😅

సరే ఒకటి చెప్పండి, హోదా లేకపోతే పోయేదేంటి? కారు, కేబినెట్ ర్యాంకు, జీతం, అంతేనా? దీనికోసం ఇంత రచ్చ ఎందుకు?

ప్రెస్_గ్యాలరీ:

కారు కాదు తమ్ముడూ, మైకు.

అసెంబ్లీలో అసలు సరుకు సమయం. ఎన్ని రోజులు సభ నడపాలి, ఏ అంశానికి ఎన్ని గంటలు, ఇదంతా బీఏసీలో, అంటే సభా కార్యక్రమాల సలహా కమిటీలో తేలుస్తారు. స్పీకర్ అధ్యక్షతన ముఖ్యమంత్రి, శాసనసభా వ్యవహారాల మంత్రి, పార్టీల నాయకులు కూర్చుని తేల్చుకునే చిన్న మీటింగ్ అది. సమావేశాల మొదటి రోజు గవర్నర్ ప్రసంగం అయ్యాక స్పీకర్ ఛాంబర్లో జరుగుతుంది, బయట మేం కారిడార్లో ఎన్ని రోజులు, ఎన్ని రోజులు అని అడుక్కుంటూ నిలబడేవాళ్లం. ఆ గంటల్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. మాటవరసకి ఒక చర్చకి 5 గంటలు ఇచ్చారనుకో, అచ్చంగా దామాషాలో పంచితే 175లో 11 మంది ఉన్న పార్టీకి 19 నిమిషాలు కూడా రావు. అదీ అందరికీ కలిపి.

ప్రతిపక్ష నేత హోదా ఉంటే ఈ గడియారం కాస్త పక్కకి జరుగుతుంది. ఆయన లేచి నిలబడితే మైకు ఇవ్వడం మర్యాద, ముఖ్యమంత్రి మాట్లాడిన తర్వాత జవాబు చెప్పడానికి అవకాశం ఇవ్వడం మర్యాద, బడ్జెట్ మీద, గవర్నర్ ప్రసంగం మీద నిమిషాలు లెక్కపెట్టకుండా మాట్లాడనివ్వడం కూడా మర్యాదే. ఇవన్నీ రాత రూల్స్ కంటే అలవాటు మీద నడిచేవి. హోదా లేకపోతే మామూలు ఎమ్మెల్యేకి ఇచ్చినట్టే, రెండు నిమిషాల్లో ముగించండి అంటారు. స్పీకర్‌కి కుడివైపు అధికార పక్షం, ఎడమవైపు ప్రతిపక్షం, ఎడమవైపు ముందు వరసలో ముఖ్యమంత్రికి ఎదురుగా ఉండే సీటు కోసం పట్టుపట్టడం ఊరికే కాదు, లైవ్ కెమెరా ఎక్కువగా పడేదీ అక్కడే.

ఇంకోటి, కొన్ని నియామకాల కమిటీల్లో ప్రతిపక్ష నేతకి చట్టప్రకారం కుర్చీ ఉంటుంది. సమాచార హక్కు కమిషనర్లని ఎంపిక చేసే కమిటీలో ముఖ్యమంత్రి, ఒక మంత్రి, ప్రతిపక్ష నేత. ఆ చట్టం రాసినవాళ్లు ముందుచూపుతో, గుర్తించిన ప్రతిపక్ష నేత లేకపోతే అతిపెద్ద ప్రతిపక్ష గ్రూపు నాయకుణ్ణే ప్రతిపక్ష నేతగా అనుకోవాలి అని ఒక వాక్యం చేర్చారు.

ఇక స్పీకర్ల లెక్క. ఎన్నికలయ్యాక కొత్త సభకి ఇంకా స్పీకర్ ఉండడు, మరి ఎమ్మెల్యేల చేత ప్రమాణం ఎవరు చేయిస్తారు? అందుకే గవర్నర్ తాత్కాలికంగా ఒకరిని పెడతారు, ఆయనే ప్రొటెం. సీనియర్‌ని పెట్టడం ఆనవాయితీ. 2024లో గోరంట్ల బుచ్చయ్యచౌదరి చేశారు. ప్రమాణాలు, స్పీకర్ ఎన్నిక, ఆ రెండింటితో ఆయన పని ఖతం. స్పీకర్ లేనప్పుడు కుర్చీలో డిప్యూటీ స్పీకర్, ప్రస్తుతం ఉండి ఎమ్మెల్యే రఘురామకృష్ణరాజు. ఆయనా లేకపోతే ప్యానెల్‌లో పేర్లున్న ఎమ్మెల్యేల్లో ఒకరు. కుర్చీలో ఎవరు కూర్చుంటే ఆ కాసేపు వాళ్లే "అధ్యక్షా". స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, రెండు పక్షాలకీ సమానంగా ఓట్లు వస్తేనే వేస్తారు.

ఓటు అన్నాను గానీ ఓట్లు లెక్కపెట్టే సందర్భాలు చాలా తక్కువ. బిల్లుకి అనుకూలంగా ఉన్నవాళ్లు ఒకసారి, వ్యతిరేకులు ఒకసారి గట్టిగా చెప్తారు, ఎవరి గొంతు ఎక్కువ వినపడిందో స్పీకర్ చెప్పేస్తారు. మూజువాణి ఓటు. ఎవరైనా డివిజన్ అడిగితేనే తలల లెక్క. బడ్జెట్ సమావేశాల చివర్లో వేల కోట్ల పద్దులు ఇలా ఒక్కో శాఖ చొప్పున నిమిషాల్లో పాసైపోవడం చూస్తే మొదట్లో నాకు కళ్లు తిరిగేవి.

ఓరుగల్లు_పిలగాడు:

అన్నా, ఏపీలో 18 గొడవైతే మా తెలంగాణల 12 గొడవ. ఇది ఇంకా ఇంట్రెస్టింగ్ ఉంటది, చూడు.

2018 డిసెంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 19 వచ్చినయి. భట్టి విక్రమార్క ప్రతిపక్ష నేత. 2019లో ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి జూన్‌లో ఎమ్మెల్యేకి రాజీనామా చేసిండు. 19 కాస్తా 18 అయింది. అయిన మర్నాడే 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌ల విలీనం అంటూ స్పీకర్ దగ్గరికి పోయిన్రు. 18లో మూడింట రెండు వంతులు ఎంత? కరెక్టుగా 12. 19 ఉండి ఉంటే 13 కావాల్సి వచ్చేది. ఫిరాయింపుల చట్టంలో ఉన్న ఒకే ఒక్క తలుపు అది, మూడింట రెండు వంతులు విలీనానికి ఒప్పుకుంటే అనర్హత లేదు. అంతకుముందు మూడో వంతు చీలినా సరిపోయేది, 2003 సవరణతో దాన్ని తీసేసిన్రు.

మిగిలింది ఆరుగురు. హోదాకి 12 కావాలె. భట్టి పోస్టు పాయె. ఎంఐఎంకి 7, అంటే కాంగ్రెస్ కంటే ఒకటి ఎక్కువ, మాకే ఇవ్వాలని వాళ్లు అడిగిన్రు, ఇవ్వలే. పీఏసీ ఛైర్మన్ మాత్రం అక్బరుద్దీన్ ఒవైసీకి వచ్చింది. ఆ అక్బరుద్దీనే 2023 డిసెంబర్‌లో ప్రొటెం స్పీకర్ అయితే బీజేపీ ఎమ్మెల్యేలు ఆయన ముందు ప్రమాణం చెయ్యమని ఆ రోజు రాలే.

ఇప్పుడు సీన్ రివర్స్. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్‌కి 39 వచ్చినయి, హోదాకి ఢోకా లేదు, కేసీఆర్ ప్రతిపక్ష నేత. కానీ 10 మంది అధికారంలున్న కాంగ్రెస్‌లకి పోయిన్రని పిటిషన్లు. 39కి విలీనం కావాలంటే 26 ఉండాలె, 10 చాలవు. అందుకే విలీనం అనే మాట రాలే, అసలు పార్టీ మారలేదు అనే వాదన వచ్చింది. 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. అరికెపూడి గాంధీ బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ కండువా కప్పుకున్నాక 2024లో పీఏసీ ఛైర్మన్ అయితే ఎంత లొల్లి అయిందో అందరూ చూసిందే. రికార్డుల ప్రకారం ఆయన ప్రతిపక్ష సభ్యుడే అన్నరు. ఆనవాయితీ బతికే ఉన్నట్టు, చచ్చిపోయినట్టు కూడా.

బెజవాడ_బుల్లోడు:

ఏపీలో 2014-19 మధ్య వైసీపీ నుంచి 23 మంది టీడీపీలోకి వెళ్లారు, అందులో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. సభ గడువు అయిపోయే వరకు పిటిషన్లు తేలనే లేదు. ఈ విషయంలో ఏ రాష్ట్రం, ఏ పార్టీ తక్కువ తినలేదు. స్పీకర్‌గా కూర్చున్న మనిషి మొన్నటి దాకా పార్టీ నాయకుడు, రేపు మళ్లీ పార్టీ టికెట్ కావాలి. ఆయన చేతిలో జడ్జి పని పెడితే ఇంతే.

మండలి_మాస్టారు:

రిటైరైన సోషల్ టీచర్ని, టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాణ్ణి, కాబట్టి మండలి గురించి నేను చెప్పకపోతే ఎలా. బాబూ తెనాలి తమ్ముడూ, నువ్వు గుర్తుపెట్టుకున్న దిగువ సభ, ఎగువ సభ అన్న మాటలు విని ఎగువ సభకే పెత్తనం ఎక్కువ అనుకుంటారు చాలామంది. అంతా తిరగేసి ఉంటుంది. డబ్బు అసెంబ్లీ చేతిలో, ప్రభుత్వం పడిపోవడం నిలబడడం అసెంబ్లీ చేతిలో. మంత్రివర్గం బాధ్యత వహించేది అసెంబ్లీకే, అవిశ్వాస తీర్మానం పెట్టేదీ ఇక్కడే.

2020లో జరిగింది పాఠం చెప్పడానికి పనికొస్తుంది. అప్పుడు వైసీపీకి అసెంబ్లీలో 151, కానీ మండలిలో టీడీపీదే మెజారిటీ. జనవరిలో మూడు రాజధానుల బిల్లుల్ని అసెంబ్లీ పాస్ చేసి పంపితే మండలి ఛైర్మన్ షరీఫ్ సెలెక్ట్ కమిటీకి (బిల్లుని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీ) పంపుతున్నానన్నారు. కోపంతో వారం తిరక్కుండానే మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, 133 మంది ఓటేశారు. కానీ అసెంబ్లీ తీర్మానం చేస్తే మండలి పోదు, 169వ అధికరణ ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. పార్లమెంటు చేయలేదు. ఈలోగా మండలిలో బలాబలాలు మారిపోయాయి, 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని అసెంబ్లీయే వెనక్కి తీసుకుంది. మండలికి ఇది కొత్తేమీ కాదు, 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయింది, 2007లో వైఎస్ హయాంలో తిరిగొచ్చింది. ఏపీలో 58 మంది, తెలంగాణలో 40 మంది ఉంటారు.

ఆ బిల్లులు చివరికి ఏమయ్యాయంటావా? మామూలు బిల్లుని మండలి మొదటిసారి మూడు నెలలు ఆపగలదు. అసెంబ్లీ రెండోసారి పాస్ చేస్తే ఇంకో నెల. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పాసైనట్టే లెక్క. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది, జులై 31న గవర్నర్ సంతకం పెట్టారు. (తర్వాత ఆ చట్టాలే రద్దయ్యాయి, అది వేరే కథ.)

డబ్బు బిల్లు అయితే నాలుగు నెలలు కూడా కాదు, 14 రోజులే. 2020 జూన్‌లోనే అది కూడా చూశాం. ద్రవ్య వినిమయ బిల్లుని (ఖజానాలోంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే బిల్లు) మండలి చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది. కరోనా వల్ల మార్చిలో ఓటాన్ అకౌంట్‌కి (పూర్తి బడ్జెట్ పాసయ్యేదాకా కొన్ని నెలల ఖర్చుకి అనుమతి) ఆర్డినెన్స్ తెచ్చారు, దాని గడువు జూన్ 30తో సరి. అసెంబ్లీ ఆమోదించినా ఆ 14 రోజులు గడిచేదాకా ఖజానాలోంచి పైసా తీయడానికి లేదు. ఒకటో తారీఖు జీతాలు, పింఛన్లు పడలేదు. జులై మొదట్లో గడువు ముగిసి, గవర్నర్ సంతకం అయ్యాకే పడ్డాయి. ద్రవ్య వినిమయ బిల్లు అంటే ఏంటో ఆ వారం ప్రతి ఉద్యోగి ఇంట్లో తెలిసిపోయింది, నేను పాతికేళ్లు బ్లాక్‌బోర్డు మీద రాసినా ఎక్కలేదు.

డల్లాస్_బాబాయ్:

మా టెక్సాస్‌లో దిగువ సభకి 150 మంది, రెండేళ్లకోసారి ఎన్నిక. మామూలు సమావేశాలు రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులు. గవర్నర్‌ని జనమే ఎన్నుకుంటారు గనక సభలో మెజారిటీ పోయినా ప్రభుత్వం పడిపోయేది ఉండదు, అందుకే మన దగ్గరున్నంత జంపింగ్ జపాంగ్ గోల ఇక్కడ లేదు. విప్ ధిక్కరిస్తే సీటు పోవడం అనేదే ఇక్కడివాళ్లకి చెప్తే నమ్మరు.

తెనాలి_తమ్ముడు:

మాస్టారూ, సూపర్ అండి. జీతాల మాట చెప్పాక ఇప్పుడు ఎక్కింది.

విప్ మాటొచ్చింది కాబట్టి అదీ చెప్పేయండి. ప్రభుత్వ విప్ అంటారు, పార్టీ విప్ జారీ చేసింది అంటారు, ఒకటేనా? ఇంకోటి, 60 రోజులు సభకి రాకపోతే ఎమ్మెల్యే పదవి పోతుందని డిప్యూటీ స్పీకర్ అన్నట్టు విన్నా, నిజమేనా?

ప్రెస్_గ్యాలరీ:

ఒకటి కాదు. ప్రభుత్వ చీఫ్ విప్, ప్రభుత్వ విప్‌లు అనేవి ప్రభుత్వం ఇచ్చే పదవులు, చీఫ్ విప్‌కి కేబినెట్ హోదా. సభలో మనవాళ్లు ఉన్నారా లేదా, ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, ఏ బిల్లు ముందు, ఇవన్నీ చూసుకుంటారు. నిజం చెప్పాలంటే మంత్రి పదవి రానివాళ్లని సర్దే చోటు కూడా అదే. మంత్రుల సంఖ్య 15 శాతం దాటకూడదు కదా, ఏపీలో ముఖ్యమంత్రితో కలిపి 26, తెలంగాణలో 18 (ఇదిగో మళ్లీ 18!), ఆశావహులేమో అంతకు రెండింతలు.

పార్టీ విప్ జారీ చేయడం వేరు. ఫలానా రోజు ఫలానా విధంగా ఓటేయండి అని పార్టీ ఇచ్చే ఆదేశం అది, ప్రతిపక్ష పార్టీ కూడా ఇస్తుంది. దాన్ని ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూల్ (పైన చెప్పిన ఫిరాయింపుల చట్టం) కింద సీటుకే ఎసరు. ఆ ఆదేశం ఇచ్చే మనిషిని నియమించాల్సింది బయట ఉన్న పార్టీయే గానీ సభలోని ఎమ్మెల్యేల గుంపు కాదని మహారాష్ట్ర శివసేన కేసులో 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

60 రోజుల సంగతి సెక్షన్ తమ్ముడు చెప్తాడు.

సెక్షన్_చదివినోడు:

190వ అధికరణ, నాలుగో క్లాజు. సభ అనుమతి లేకుండా 60 రోజులు అన్ని సమావేశాలకీ గైర్హాజరైతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. "వచ్చు" అని ఉంది, దానంతట అది పోదు. స్పీకర్ ఒక్కడు కాగితం మీద రాసేస్తే అయ్యేదీ కాదు, సభ నిర్ణయించాలి. సెలవు అడిగి తీసుకుంటే ఆ రోజులు లెక్కలోకి రావు.

లెక్క ఎలాగంటే, సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసిన) కాలం తీసేయాలి, వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడితే ఆ కాలం కూడా తీసేయాలి. సమావేశాల మధ్యలో వచ్చే శని, ఆదివారాలు మాత్రం కలుస్తాయి. మన అసెంబ్లీలు నడిచేదే ఏడాదికి కొద్ది రోజులు కాబట్టి 60 కావడానికి చాలాకాలం పడుతుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు అన్న నిబంధన కోసం రెండు మూడు రోజులు పెట్టి ముగించే సెషన్లు కూడా ఉంటాయి, అవి ఈ లెక్కకి పెద్దగా ఏమీ కలపవు.

అందుకే హాజరు పట్టీ మీద అంత గొడవ. కొందరు వైసీపీ ఎమ్మెల్యేలు సభలోకి రాకుండా బయట రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి వెళ్తున్నారని స్పీకరే 2025 మార్చిలో సభలో అన్నారు. 60 రోజుల్లో ఒక్క రోజు వచ్చినా వరస తెగుతుంది, మళ్లీ ఒకటి నుంచి లెక్క. మరి సంతకం పెట్టడం హాజరా, లోపల కూర్చోవడం హాజరా అన్నది ఎవరైనా ఈ క్లాజు నిజంగా వాడినప్పుడు కోర్టులో తేలాల్సిందే.

ఓరుగల్లు_పిలగాడు:

సంతకం పెట్టి క్లాసుకి రాకుంటే డిగ్రీల మా సారు కూడా అటెండెన్స్ ఇయ్యకపోయేది 😂